కాశమ్మ గీయని గీతలు

గౌలిపుర కాశమ్మకు రెండు బర్రెలు, ఒక ఇత్తడి బిందె, ఎవరికీ లొంగని నోరు ఉండేవి. బాలింత ఉన్న ఇంట్లో కొలత పోశాక బిందె ఇంకాస్త వంచేది. "ఇదెందుకక్కా?" అని అడిగితే, "నా చెయ్యి వణికింది, నీకేంది నొప్పి?" అని కసిరేది. ఆమె దయ ఎప్పుడూ తిట్టు ముసుగు వేసుకునే వచ్చేది.

శాలిబండ పోయే దారిలో కమాను వెనక ఒక గల్లీ ఉంది. ఇరవై నాలుగిళ్ళు. అన్నిటికీ కాశమ్మ పాలే. చదువు రాదు కాబట్టి కొబ్బరిచిప్పలో జాజు కలిపి తెచ్చుకునేది. పాలు పోసిన ప్రతి ఇంటి గుమ్మం పక్కనా గోడ మీద వేలితో ఒక ఎర్రటి గీత గీసేది. పోయని రోజుకు గీత ఉండేది కాదు, గీత పట్టేంత చోటు మాత్రం వదిలేది. ఏడాది పొడుగునా ఆ గీతలు అట్లాగే ఉండేవి. ఆషాఢంలో బోనాలకు ఇళ్ళకు సున్నం కొట్టినప్పుడు కప్పుకుపోయేవి. మళ్ళీ కొత్త గోడ, కొత్త గీతలు.

డెబ్బైమూడో సంవత్సరం ఆషాఢంలో నాలుగు వానలు పడ్డాక ఒక సోమవారం పొద్దున సక్కుబాయి తలుపు తీసింది. చేతిలో చెంబు లేదు.

"ఇయ్యాల పాలొద్దక్కా. మా కమలకు రాత్రి నుంచి వాంతులు, బేదులు. గంజినీళ్ళ తీర్గ పోతున్నయ్."

కమల ఆరేళ్ళ పిల్ల. తమ ఇంటి గీత తనే గీయాలని రోజూ పేచీ పెట్టేది. అందుకే గల్లీ మొత్తంలో ఆ ఒక్క గోడ మీదే గీతలు వంకరగా ఉండేవి. ఆ రోజు కాశమ్మ గోడ మీద చోటు వదిలి, "అల్లం నీళ్ళు తాపు" అని చెప్పి ముందుకు నడిచింది.

మంగళవారం నాలుగిళ్ళవాళ్ళు పాలు వద్దన్నారు. బేదులైతే ఆ ఇళ్ళల్లో పాలు ముట్టరు. బుధవారానికి ఏడు, గురువారానికి పదకొండు. ఖాళీ చేతులతో తలుపు తీసిన ఆడవాళ్ళ ముఖాలు చూసి కాశమ్మ నడక ఆపింది. చిన్నప్పుడు తల్లిగారి ఊళ్ళో ఇట్లాగే మొదలైంది. కలరాను అక్కడ గత్తర అంటారు. ఆ యేడు ఆమె తమ్ముళ్ళిద్దరూ ఒకే వారంలో పోయారు.

రిక్షా సాయిలు అప్పటికే తన బండిని గల్లీ మొదట్లో నిలిపి అందులోనే పడుకుంటున్నాడు. ఎవరికి ఎప్పుడు ప్రాణం మీదికొస్తే అప్పుడు దవాఖానకు చేర్చాలని. ఎవరూ అతన్ని అడగలేదు. అతనూ ఎవరికీ చెప్పలేదు.

కాశమ్మ బిందె అరుగు మీద దించి నేరుగా వార్డు ఆరోగ్య కేంద్రానికి పోయింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ బాబురావు బల్ల ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. చుట్టూ ఇద్దరు ముగ్గురు మనుషులున్నారు.

"సారూ, కమాన్ గల్లీల గత్తర వచ్చింది. పదకొండు ఇండ్లల్ల పడ్డరు. జర రాసుకోండ్రి."

"గత్తరనా? ఎవరు చెప్పిండ్రు? నీ బర్రె చెప్పిందా?"

పక్కవాళ్ళు నవ్వారు.

"బర్రెకున్న తెలివి గూడ లేనోళ్ళకు చెప్పాల్సొచ్చింది. ఏం జేస్త?"

నవ్వు ఆగింది. బాబురావు సొరుగులోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. వార్డులో ఎవరికి ఏ అంటురోగం వచ్చిందో రాసి ప్రతి శనివారం పెద్దాఫీసుకు పంపాలి. అక్కడ అన్ని వార్డులవీ కలిపి ఢిల్లీకి పంపుతారు. దేశంలో ఎక్కడ ఏ రోగం లేచిందో ఢిల్లీకి తెలిసేది ఆ కాగితాలతోనే.

"ఇగో, ఈ శనివారానిది. ఏం లేదని రాసిన, సంతకం గూడ అయింది. ఇది వచ్చే శనివారానిది. ఇది ఆ పైదానిది. నెలది ఒక్కసారే రాసిపెట్టిన. గత్తర అని ఒక్క మాట రాస్తే పైనుంచి జీపులు దిగుతయ్. నన్ను నిలబెట్టి అడుగుతరు. బేదులైతే గోలీలిస్త, తీస్కపో."

"వచ్చే వారం ఎవరూ పడరని అమ్మోరు తల్లి నీకు కలలకొచ్చి చెప్పిందా సారూ?"

బాబురావు ముఖం మాడింది. "ఎక్కువ మాట్లాడకు. అసలు గా ఇండ్లన్నిటికి తిరిగేది ఎవరు? నువ్వే గదా? అందరు తాగేది నీ పాలే గదా? రేపొచ్చి చూస్త."

అన్నట్టే శుక్రవారం పొద్దున ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చాడు. ఒక్క మాట అడగలేదు. బిందె లాక్కుని మోరీలో వంపించాడు. రెండు బర్రెల పాలు, తెల్లగా, నురగతో, నల్లటి మురుగులో కలిసిపోయాయి. రోగం సంగతి చెప్పడానికి వెళ్ళిన మనిషికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు అది.

గల్లీవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. నిన్నటిదాకా అక్కా అన్నవాళ్ళలో ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నారు. కాశమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని గల్లీ నడిమధ్య నిలబడింది.

"సారూ, పోయేముందు ఒక్క మాట చెప్పి పో. నా పాలు ఏ ఇంట్ల పచ్చిగ తాగుతరు? పొయ్యి మీద పొంగిచ్చినంకనే తాగుతరు. గీ నల్లా నీళ్ళు ఎవరు పొంగిస్తున్నరు?"

గల్లీకంతా ఒకటే నల్లా. మోరీ పక్క నుంచే పైపు. వాన పడ్డప్పటి నుంచి ఆ నీళ్ళు వాసన వస్తున్నాయని ఆడవాళ్ళు అనుకుంటూనే ఉన్నారు.

"అయ్యగారమ్మ గోడ చూడుండ్రి," అని కాశమ్మ వేలెత్తి చూపించింది. అహల్యమ్మ గుడి అర్చకుల భార్య. మడికి నల్లా నీళ్ళు పనికిరావని పెరట్లోని చేదబావి నీళ్ళే వాడతారు. "ఒక్క నాగా లేదు. ఆమెకు పోసేది గూడ నా పాలే. ఆమె బాయి నీళ్ళు తోడుకునే ఆ రెండిండ్ల గోడలు గూడ చూడుండ్రి. రోజుకో గీత ఉన్నది. మిగిలిన గోడల మీదనే ఖాళీలు!"

"గోడలు చూసి రోగం చెప్తవా? పెద్ద డాక్టరమ్మవు!" అని బాబురావు వెళ్ళిపోయాడు. వెళుతూ నల్లా వైపు కనీసం తల తిప్పలేదు.

ఆ మధ్యాహ్నం సాయిలు రిక్షాలో, దవాఖాన గేటు కనబడుతుండగా, కమల సక్కుబాయి ఒడిలోనే కన్నుమూసింది. చిన్నపిల్ల కాబట్టి కాల్చలేదు, పూడ్చారు. పూడ్చినచోట మరణం చీటీ ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

సాయంత్రం అరుగుల మీద ముసలమ్మలు గుసగుసలాడారు. తల్లికి కోపమొచ్చిందట, పోయినేడు బోనం సరిగ్గా ఎత్తలేదట. కాశమ్మ ప్రతి మంగళవారం అమ్మవారికి దీపం పెట్టి గాని ముద్ద ముట్టని మనిషి. ఆ మాట విని మండిపడింది.

"తల్లి పిల్లల్ని మింగుతదా? మురుగు తాపింది వీళ్ళు, పేరు తల్లికా? గా మాట ఇంకోసారి అన్నరంటే నోళ్ళల్ల జాజు పోస్త!"

శనివారం పొద్దున సున్నాల మైసయ్య బకెట్టుతో, కుంచెతో గల్లీలోకి వచ్చాడు. బోనాలు వారం రోజుల్లో ఉన్నాయి. అతను మొదటి గోడకు కుంచె ఆనించబోతుండగా కాశమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"తియ్ చెయ్యి!"

"నా మీద లొల్లేందమ్మా? పిలిస్తేనే వచ్చిన."

"ఇది కప్పేస్తే గీ గల్లీల ఎవరికీ ఏం కాలేదన్నట్టే. ఆ బాబురావు సారు కాయితం లెక్కనే అయితది. సాయంత్రం దాక ఆగు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత."

పెద్దమనిషి కాళ్ళు మొక్కుతాననడంతో మైసయ్య కంగారుపడి కుంచె బకెట్టులో పడేశాడు. ఇంటివాళ్ళు ఒకరిద్దరు గొణిగారు. అప్పుడు అహల్యమ్మ, గడప దాటి వీధిలో నిలబడడం ఎవరూ ఎరగని ఇల్లాలు, కొడుకు నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని బయటికి వచ్చింది.

"నేను రాస్తాను కాశమ్మా, నువ్వు చెప్పు. మీరంతా మా బావి నీళ్ళు తోడుకోండి. మడి సంగతి ఆ అమ్మవారు చూసుకుంటుంది."

ఇంటింటి ముందూ ఆగారు. ఏ రోజు గీత ఉంది, ఏ రోజు లేదు, లేని రోజు ఆ ఇంట్లో ఎవరు పడ్డారు, ఎన్నేళ్ళు. పదకొండు ఇళ్ళలో పందొమ్మిది మంది. సాయిలు ఇద్దరినీ ఎక్కించుకుని పెద్దాఫీసుకు తొక్కాడు.

వార్డుల కాగితాలు చేరే గదిలో మురళీధర్ అనే కుర్ర డాక్టరు ఉన్నాడు. నోటుపుస్తకం రెండుసార్లు చదివాడు.

"మీ వార్డు నుంచి రెండేళ్ళుగా ఒక్క కేసు కూడా రాలేదమ్మా. నాకెప్పుడూ అనుమానంగానే ఉండేది."

"అనుమానముంటే ఒక్కనాడన్న వచ్చి చూడకపోతివి గద బిడ్డా!" అంది కాశమ్మ. "నువ్వు గా కుర్సీల అనుమానపడుకుంట కూసున్నవ్, అక్కడ పిల్ల పాయె."

డాక్టరు తల దించుకున్నాడు. సంచీ తీసుకుని వాళ్ళ వెంటే బయలుదేరాడు.

సాయంత్రానికి నల్లాకు తాళం పడింది. నీళ్ళ ట్యాంకరు వచ్చింది. సోమవారం తవ్వితే మోరీ కింద పైపు చెయ్యి పట్టేంత పగిలి ఉంది. పరీక్షకు పంపిన సీసాల్లో కలరాయే తేలింది. మంచం పట్టిన పద్దెనిమిది మందీ దేవుడి దయవల్ల లేచి కూర్చున్నారు. కాశమ్మ చెప్పిన గురువారమే ఒక్క మాట రాసి ఉంటే పందొమ్మిదో పిల్ల కూడా లేచేది.

డాక్టరు అహల్యమ్మ అరుగు మీద కూర్చుని కొత్త కాగితం నింపాడు. మరణాల గడి దగ్గర కలం ఆగింది.

"చీటీ ఏమైనా ఉందా? చీటీ లేకుండా మరణం రాయడం..."

కాశమ్మ అతని మణికట్టు పట్టుకుని సక్కుబాయి గుమ్మం దగ్గరికి తీసుకుపోయింది. సక్కుబాయి గడపలో తల ఆనించి కూర్చుని ఉంది.

"ఈ వంకర గీతలు జూడు. ఇవి నేను గీసినయి గావు. గీసిన చెయ్యి మట్టిల ఉన్నది. ఇంక నీకేం చీటీ కావాలె? రాయి!"

డాక్టరు నిలబడే రాశాడు. కాశమ్మ చదివి వినిపించమంది.

"కమల. ఆరేళ్ళు. కలరా. మరణం ఒకటి."

"ఇంకోసారి సదువు. దాని తల్లి వినాలె."

అతను మళ్ళీ చదివాడు. సక్కుబాయి అప్పుడు ఏడ్చింది, పిల్ల పోయాక మొదటిసారి.

బోనాలకు గల్లీ అంతా తెల్లబడింది, ఆ ఒక్క గోడ తప్ప. మైసయ్య దాని చుట్టూ సున్నం వేసి, గీతలున్నంత మేర అట్లాగే వదిలాడు. ఆ యేడు కాశమ్మ బోనమెత్తి అమ్మవారి ముందు నిలబడి వరమేమీ కోరలేదు. "నీ మీద నెపం పెడుతుంటే నువ్వెట్ల ఊకున్నవ్ తల్లీ?" అని నిలదీసి వచ్చింది.

బాబురావు కుర్చీ మాత్రం కదలలేదు. అతనికెవరో పైన ఉన్నారన్నారు. ఆ సంగతి విన్న శనివారమే కాశమ్మ పాలు పోయడం అయ్యాక ఆరోగ్య కేంద్రానికి పోయి, అతని బల్ల ముందు బిందె దించి దాని పక్కనే కూర్చుంది. ఆ తరవాత ఒక్క శనివారం తప్పలేదు, ఏళ్ళ తరబడి.

"కమాన్ గల్లీల ఇద్దరికి జరాలు. మూడో ఇంట్ల పిలగానికి తట్టు. రాయి సారూ."

అట్లా కూర్చోవడం మొదలైన రెండు నెలలకు ఒక శనివారం ఆమె రాకముందే బాబురావు కాగితం నింపేశాడు.

"ఈ వారం ఏం లేదు కాశమ్మా. ఏం లేదని రాసేసిన. ఇంక నువ్వు పో."

"ఏ గల్లీకి పోయొచ్చినవ్?"

అతను కాగితం సొరుగులోకి తోయబోయాడు.

"లేదని రాసేటందుకు గూడ నడవాలె సారూ. లే. నేను గూడ వస్త. గా పిల్ల గోడ నుంచి మొదలుపెడదం."

గుమ్మంలో మందు కోసం వచ్చిన ఆడవాళ్ళు నలుగురు నిలబడి చూస్తున్నారు. బాబురావు ఆ కాగితం చింపి, కలం జేబులో పెట్టుకుని, బల్ల కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు.