పాప షాంపూకి మొదటి పరీక్ష

ఇంట్లోనే పసిపిల్లల షాంపూ కలపాలనుకునే తల్లులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మాది సూలూరు. శీకాయకి మా పాప కళ్లు మండుతున్నాయని లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి నేనే ఒక షాంపూ తయారుచేశాను. దాని పీహెచ్ కన్నీటితో సమానమని పరీక్ష కాగితం చూపించింది. ఇక నాకు కాలు నిలవలేదు.

ఆదివారం మా అత్త రంగమ్మ తలంటడానికి కాళ్లు చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టుకుంది.

"మొదల నా కంట్లో వెయ్యి" అంది.

"వద్దత్తా, కాగితం సరిగ్గానే చూపించింది."

"కాగితానికేమి కన్నుండాదా, మండేదానికి? నా సామికి నోరు కూడా రాలేదు. ఇట్ల తే!"

సీసా లాక్కుని ఒక చుక్క వేసుకుంది.

"అయ్యయ్యో, మంట! ఎరిచలు తాళలేనే! నీళ్లు పొయ్యే!"

కన్ను ఎర్రగా ఉబ్బింది. ఒక చంకలో పాప, ఇంకో చేత్తో చెంబు. నీళ్లు పోస్తూనే ఉన్నాను. పక్కింటి నర్సు మేరీ అక్క వచ్చి చూసి, "చూపుకి భయం లేదు" అనేదాకా చెంబు కింద పెట్టలేదు.

పీహెచ్ కుదిరినా, నురుగునిచ్చే పదార్థం ఘాటుదైతే కళ్లు మండుతాయని తర్వాత లైబ్రరీలో ఇంకో పుస్తకంలో చదివాను. షాంపూ పారబోశాను.

ఆ పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ సెల్వరాజ్ గారికి, పరుగున వచ్చిన మేరీ అక్కకు, నా బిడ్డ కన్నుకి ముందు తన కన్ను ఒడ్డిన రంగమ్మత్తకు నా కృతజ్ఞతలు.