సిలబస్‌లో లేని పరీక్ష

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు ప్రసాద్, పార్సిప్పనీ నుంచి వస్తాను, మన చర్చిలో సౌండ్ బాక్సులు మోసే బ్రదర్‌ని నేనే. పోయిన చలికాలం ఒక బాక్సు ఎత్తబోతే నడుము పట్టేసింది, అక్కడి నుంచి ఎడమ పిరుదు మీదుగా పాదం దాకా కరెంటు పాకినట్టు నొప్పి, కారులో కూర్చుంటే నొప్పి, తుమ్మితే నొప్పి. అయినా మీరు ప్రతి ఆదివారం ఎలా ఉన్నారు బ్రదర్ అని అడిగితే, దేవుని కృపలో బాగున్నానని చెప్పి, పార్కింగ్‌లో కారు డోర్ పట్టుకుని ఏడ్చేవాణ్ణి.

ఎందుకు దాచావంటారా? డాక్టర్ సెలవు రాస్తే ప్రాజెక్ట్ పోతుంది, ప్రాజెక్ట్ పోతే వీసా పోతుంది, ఇంకేముంది, పెట్టెలు సర్దుకోవడమే అని భయం. ఐదు నెలలు అలా గడిచాక ఒకరోజు మెట్లెక్కుతుంటే ఎడమ కాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోయింది. నా భార్య సునీత ఆ చెప్పు చేత్తో పట్టుకుని వచ్చింది, కొట్టడానికి కాదులెండి, అపాయింట్‌మెంట్ బుక్ చేశానని చెప్పడానికి.

మనవాళ్ళం ఇంటర్వ్యూకి ఎలా వెళ్తామో మీకు చెప్పాలా, అడగబోయే ప్రశ్నలు ముందే సంపాదించి బట్టీ పడతాం. నేనూ వీడియోలు చూసి నడుము నొప్పికి చేసే పరీక్షలన్నీ రాసుకున్నాను. పడుకోబెట్టి కాలు మడవకుండా పైకెత్తుతారు, మడమల మీద నడిపిస్తారు, మునివేళ్ళ మీద నడిపిస్తారు. వారం రోజులు హాల్లో ప్రాక్టీస్ చేశాను, కాలు లేస్తున్నప్పుడు నవ్వడం కూడా నేర్చుకున్నాను.

“ఏవండీ, మీరు వెళ్ళేది వైద్యానికా, ఉద్యోగానికా?” అంది సునీత.

నేను మాత్రం మోకరించి, “ప్రభువా, నా కాలు తొంభై డిగ్రీలు లేపు, నా ముఖాన చిరునవ్వు నిలుపు” అని ప్రార్థించాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

డాక్టరమ్మ పడుకోబెట్టి నా కాలు ఎత్తింది, సగం లేచేసరికి కళ్ళ ముందు నక్షత్రాలు కనబడ్డాయి, నొప్పి ఉందా అంటే పళ్ళు బిగించి లేదన్నాను. మడమల మీద నడవమంటే ఎడమ పాదం పైకి లేవక టపటపా నేలకు కొట్టుకుంది, సాక్సులు జారుతున్నాయన్నాను. ఆమె బల్ల అంచున కూర్చోమంది. హమ్మయ్య, పాసయ్యానని ముఖం వదులు చేశాను. పాదం ఒకసారి చూస్తానంటూ మడమ పట్టుకుని, మెల్లగా నా మోకాలు చాపింది. సహోదరులారా, అది ఆ కాలెత్తే పరీక్షే, ఈసారి కూర్చోబెట్టి పెట్టింది, నేను చూసిన వీడియోల్లో అది లేదు! వెనక్కి వాలిపోయి “యేసయ్యా” అని నేను పెట్టిన కేకకు పక్క గదిలోంచి నర్సు పరిగెత్తుకొచ్చింది.

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగింది డాక్టరమ్మ. నేను ఏడుపందుకున్నాను, పక్కనే ఉన్న సునీతే అంతా చెప్పింది. పాదంలో బలం తగ్గిపోతోందని, ఇంకా ఆలస్యం చేస్తే తిరిగి రాకపోవచ్చని డాక్టరమ్మ అంది.

ఆ రోజు కారులో, “ప్రభువా, నొప్పిగా ఉంది, భయంగా ఉంది” అన్నాను. ఐదు నెలల్లో నేను చేసిన మొదటి నిజమైన ప్రార్థన అదే. పాస్ చేయమని అడిగితే ఆయన నన్ను ఫెయిల్ చేసి కాలు కాపాడాడు, దేవునికే మహిమ. ఫిజియోథెరపీ మొదలైంది, డాక్టర్ ఉత్తరం చూపిస్తే మా మేనేజర్ ఇంటి నుంచి పని చేసుకోమన్నాడు, వీసా ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇప్పుడు మడమల మీద ఈ హాలు చివరిదాకా నడవగలను, చూపిద్దామనుకుంటే సునీత వద్దని సైగ చేస్తోంది.

ప్రియులారా, మీలో ఎవరైనా నాలాగే నవ్వు ప్రాక్టీస్ చేసి వచ్చి ఉంటే, ఆయన దగ్గర అది అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇప్పుడు నన్ను ఎలా ఉన్నావని అడగండి. ఇంతసేపు నిలబడ్డాను కదా, నడుము లాగుతోంది. ఎవరైనా ఆ కుర్చీ ఇటు ఇవ్వండి.