పక్క సీటు బాధ్యత

డ్రైవింగ్ స్కూల్లో ఆమెని అందరూ బ్రేకు మేడం అనేవాళ్ళు. మొహం మీద కాదులెండి, వెనకాల. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది చూడండి, దాని మీద ఆమె కాలు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉండేది. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, తెర మీద ఏ కారైనా జోరుగా దూసుకొస్తే కాలు తనంతట తనే నేలని తొక్కేది. భర్త పడీపడీ నవ్వేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. పైకీ కిందకీ తప్ప మూడో దిక్కు తెలియనివాళ్ళు నవ్వక్కర్లేదని ఆమె అంటించేది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, నేర్పడంలో ఆమెకి ఆమే సాటి. స్టీరింగ్ పట్టుకోగానే చెమటలు కక్కే పెద్దమనుషుల్ని కూడా బుజ్జగించి రోడ్డెక్కించేది. ఆ స్కూలు యజమాని పెట్టిన నియమం ఒకటుంది. నేర్చుకునేవాళ్ళది తప్పు కాదు, కారులో ఏం జరిగినా పక్క సీటుదే బాధ్యత. బండి గోడకి గీసుకుపోయినా సరే, నేను చూసుకోవలసింది అనాలి తప్ప వాళ్ళు తొక్కేశారు అనకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ నియమం ఓ పట్టాన మింగుడుపడేది కాదు. ఈవిడకి మాత్రం ఒంటికి పట్టేసింది. పొయ్యి మీద పాలు పొంగినా, పక్కింటివాళ్ళ కుళాయి కారినా తనే చూసుకోవలసింది అనుకునేంతగా పట్టేసింది.

అలాంటి మనిషికి మూడో నెలలో కడుపు పోయింది.

పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరు చెడ్డవాడేం కాదు, తీరిక లేనివాడు. వరండా నిండా జనం, ఆయన బల్ల చుట్టూ జనం. స్కాన్ తీయించాడు, చెయ్యవలసింది చేశాడు. మందులు రాస్తూ, తలెత్తకుండానే ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది.

"అదీ సంగతి. రోజంతా ఆ కుదుపులు తింటుంటే ఎలా నిలుస్తుంది? ఆ పని మానెయ్. ఈసారి కడుపు వస్తే మంచం దిగకూడదు" అని, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ ఒక్క ముక్క చాలింది. ఎందుకంటే కుదుపు నిజంగానే జరిగింది. అది ఆమెకి తెలుసు, ఇంకొకరికి కూడా తెలుసు. ఆ ఇంకొకరు ఎవరో కాదు, స్వయానా అత్తగారు.

అత్తగారు ఏళ్ళ తరబడి పోస్టాఫీసులో ముద్రలు కొట్టి రిటైరైన మనిషి. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక కారు నేర్చుకుంటానని పట్టుబట్టింది. కొడుక్కి తెలిస్తే ఏడిపిస్తాడని, లైసెన్సు చేతికొచ్చేదాకా చెప్పొద్దని కోడలితో ఒట్టు వేయించుకుంది. చెప్పొద్దూ, ఆవిడ పెడళ్ళని కూడా ముద్ర కొట్టినట్టే తొక్కేది. ఒకరోజు సందు మలుపులో చెత్త లారీ వెనక్కి వస్తుంటే, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ మీద ఒక్క ముద్ర కొట్టింది. కోడలు తన బ్రేకుని ఒంట్లో బలమంతా పెట్టి తొక్కింది. కారు జానెడు దూరంలో ఆగింది. సీటుబెల్టు పొట్ట మీద బిగుసుకుంది. గండం గడిచిందని అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆ వారం తిరక్కుండానే రక్తం కనబడింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె పనికి వెళ్ళడం మానేసింది. కారు అన్న మాట వింటేనే లేచి అవతలికి పోయేది. బ్రేకు తొక్కింది నేనే కదా, లారీని ముందే చూసుకుని ఉంటే అంత గట్టిగా తొక్కే అవసరమే వచ్చేది కాదు కదా, అసలు కడుపుతో ఉండి ఆ సీట్లో ఎందుకు కూర్చున్నాను? పొద్దస్తమానం ఇదే రంపపుకోత. కంట్లోంచి మాత్రం ఒక్క చుక్క రాలేదు. భర్త బెంగపడిపోయాడు. కాసేపు ఏడిస్తే తేలికపడతావని బతిమాలాడు. ఆమె అతని మొహంలోకి చూడలేకపోయింది. నేనే పోగొట్టాను అన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఉండిపోయేది. చెబితే అత్తగారి సంగతి కూడా బయటపడుతుంది, ఆ పెద్దావిడ మీద నింద పడుతుంది. అది ఆమెకి ఇష్టంలేదు.

అత్తగారు కూడా మునుపటి మనిషి కాదు. ఇల్లంతా మోగించే గొంతు కాస్తా మూగబోయింది. మళ్ళీ కారు ఊసెత్తితే ఒట్టు. ఉన్నట్టుండి ఒకరోజు, ఇంకో డాక్టరుకి చూపిద్దాం పద అంది. కోడలు వద్దంది. అదే మాట రెండోసారి వినే ఓపిక తనకి లేదంది. అత్తగారు వింటేనా? వంటింట్లో, పెరట్లో, బట్టలు మడతపెట్టే చోట, చెవిలో జోరీగలాగా అదే మాట. చివరికి ఈ పోరు పడలేక కోడలు చెప్పులేసుకుంది. బస్సులో వెళ్ళారు.

చెప్పుల దుకాణం పైన చిన్న క్లినిక్. డాక్టరమ్మకి జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. పాత స్కాన్ చూసింది. ఆసుపత్రివాళ్ళు రాసిందంతా చదివింది. అప్పుడు కుర్చీ ముందుకి జరుపుకుని, మొదట్నుంచీ చెప్పమ్మా, నాకు తొందర్లేదు అంది. ఆ మాటకే కోడలికి సగం బలం వచ్చింది. అన్నీ చెప్పుకొచ్చింది. తీరా లారీ దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు.

అత్తగారు లేచి నిలబడింది.

"నేను చెబుతాను డాక్టరుగారూ. ఈ పిల్ల తప్పేం లేదు. కారు నడిపింది నేను. బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కాను. నా మనవణ్ణి నేనే పొట్టన పెట్టుకున్నాను."

కోడలు బిత్తరపోయింది. ఈవిడ కూడా ఇన్నాళ్ళూ ఇదే మోస్తోందా?

"కాదండీ, అంత గట్టిగా బ్రేకు తొక్కింది నేను. పక్క సీట్లో ఉన్నది నేను" అంది.

నాది అంటే నాది అని ఇద్దరూ తప్పు కోసం పోట్లాటకి దిగారు. ఆస్తి కోసం కూడా అంత గట్టిగా ఎవరూ కొట్టుకోరు. డాక్టరమ్మ ముక్కు తుడుచుకుని, ఇద్దరూ కాస్త ఆగుతారా అంది. వికారం ఎప్పుడు తగ్గిందని అడిగింది. కోడలు గుర్తుచేసుకుంది. లారీ రోజుకి చాలా ముందే తగ్గింది. హాయిగా ఉందని ఇంట్లో అందరికీ చెప్పుకుంది కూడా.

డాక్టరమ్మ స్కాన్ బొమ్మని వాళ్ళవైపు తిప్పింది. మూడో నెలలో ఉండవలసిన బిడ్డ ఇందులో ఇంకా రెండో నెల సైజులోనే ఉందని చూపించింది.

"మీ కారు కుదిపిన రోజుకి ఈ బిడ్డ పెరగడం ఆగిపోయి చాలా రోజులైంది. ఒంటికి తెలియడానికి ఆలస్యమైంది, అంతే. మొదట్లో పోయేవి ఎక్కువగా ఇలాగే పోతాయి. బిడ్డ రూపు కట్టే మొదటి రోజుల్లోనే ఎక్కడో తేడా వస్తుంది. నువ్వు మంచం మీద కదలకుండా పడుకున్నా ఇది ఆగేది కాదు."

కోడలు బొమ్మవంకే చూస్తూ ఉండిపోయింది. "అంటే, నేను చూసుకోవలసిందేం లేదా?" అంది.

"లేదమ్మా. అక్కడ నీ చేతిలో ఏమీ లేదు. మీ అత్తగారి కాలి కింద కూడా ఏమీ లేదు."

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ కోడలి చెవుల్లో చల్లగా పడ్డాయి. లోపమేమీ కనబడటం లేదట. ఒకసారి ఇలా జరిగినా చాలామందికి తర్వాతి కాన్పు మామూలుగానే అవుతుందట. మనసు కుదుటపడ్డాక, కావాలనుకున్నప్పుడు మళ్ళీ ప్రయత్నించవచ్చట. పనికి కూడా నిక్షేపంగా వెళ్ళవచ్చట. గుండెల మీంచి బండ ఎత్తేసినట్టయింది. ఎన్నాళ్ళ తర్వాతో ఊపిరి పొట్ట దాకా వెళ్ళింది.

మెట్లు దిగుతూ అత్తగారు రెయిలింగ్ పట్టుకుని ఆగింది. "నిన్ను డాక్టరుకి చూపించడానికి కాదు తీసుకొచ్చింది. నీ ముందు తప్పు ఒప్పుకునే ధైర్యం ఇంట్లో రాలేదు. ఆవిడైనా నన్ను నాలుగు చివాట్లు పెడితే, నీ మీద నీకున్న కోపం నా మీదికి మళ్ళుతుందనుకున్నాను" అంది.

"భలేవారే అత్తయ్యా. మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అంటారని నేను నోరు కుట్టేసుకున్నాను" అంది కోడలు. ఇద్దరికీ నవ్వొచ్చింది. చెప్పుల దుకాణం ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా నవ్వారు. అక్కడే కోడలు భర్తకి ఫోన్ చేసి, లారీ సంగతితో సహా అంతా చెప్పేసింది. అంతా విన్నాక అతను, మీరిద్దరూ జాగ్రత్తగా ఇంటికి రండి అన్నాడు.

బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చున్నాక వచ్చింది అసలు ఏడుపు. ఇన్నాళ్ళూ ముద్దాయిగా బతికింది. బిడ్డని పోగొట్టినదానికి బిడ్డ కోసం ఏడ్చే హక్కేమిటని లోపలెక్కడో బిగించేసుకుంది. ఇప్పుడు ఆమె ముద్దాయి కాదు, బిడ్డ పోయిన తల్లి. అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. హాయిగా ఏడ్చింది అంటే వినడానికి వింతగా ఉంటుందేమో గానీ, నిజంగా హాయిగానే ఏడ్చింది. ఆ జుట్టు నిమురుతూ అత్తగారూ ఏడ్చింది.

వాళ్ళ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తెరిచి, ఎక్కుతారా అన్నట్టు చూశాడు.

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని చెయ్యి ఊపింది. "నువ్వెళ్ళు బాబూ. మాకు ఇక్కడ ఇంకా కాస్త పనుంది."