మంత్రసాని, మునిగిన ఓడ

ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఎవరిని కదిపినా రేపటి గురించే మాట్లాడేవారు. అద్దాల మేడల్లో ఏ అంతస్తుకి వెళ్ళినా ఎవరో ఒకరు రాబోయే కాలానికి ఏదో ఒకటి తయారుచేస్తూ కనిపించేవారు. నాకు మాత్రం పంతొమ్మిది వందల పన్నెండో సంవత్సరం, ఏప్రిల్ నెలలో ఉద్యోగం. పొద్దున్నే లిఫ్టులో పక్కన నిలబడ్డవాళ్ళు మర్యాదకి "మీరు దేని మీద చేస్తున్నారండీ?" అని అడిగేవారు. "చరిత్ర మీదండీ" అంటే అదేదో కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అనుకుని తలూపేవారు. (ఒకాయన అమీర్‌పేటలో దానికి కోచింగ్ ఎక్కడ ఇస్తారని కూడా అడిగాడు.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ ఒక్క నెల నన్ను ఏడిపించింది ఇంతా అంతా కాదు.

సంగతేమిటంటే, మా ఆఫీసువాళ్ళు ఫోనులో వినే కార్యక్రమాలు తయారుచేసేవారు. అందులో ఒకటి, వెనకటి కాలంలో ఒక నెల తీసుకుని ఆ నెలలో ప్రపంచంలో ఏం జరిగింది, ఎవరెవరు పుట్టారు అని చెప్పటం. ఆ పని నాకూ, మణికొండలో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న కరీంనగర్ అమ్మాయికీ కలిపి అప్పగించారు. మా లీడ్ మేడమ్ లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే, బంతిలో పప్పు వడ్డించినట్టు, "నువ్వు సంఘటనలు చూడు, నువ్వు జననాలు చూడు" అని పంచేశారు. సంఘటనలు కరీంనగర్‌కి పోయాయి. జననాలు నాకొచ్చాయి. ఆ క్షణంలో ఇద్దరికీ ఆ నెల గురించి ఏమీ తెలియదు కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు. సాయంత్రానికి ఆమెకి తెలిసింది, తన వాటాలో టైటానిక్ ఉందని.

ఇక చూడండి, మర్నాటి నుంచి ఆఫీసంతా ఆమె బల్ల చుట్టూనే. అంత పెద్ద ఓడ, మొదటి ప్రయాణం, మంచుకొండ, చాలని పడవలు. ఏం చెప్పినా జనం నోళ్ళు తెరుచుకుని వినేవారు. క్యాంటీన్‌లో చాయ్ పోసే అన్న కూడా ఆమెని చూడగానే "అమ్మా, ఇగ ఇయ్యాల ఓడ యాడిదాంక వొచ్చింది?" అని అడిగి, ఆమె కప్పు ముందు నింపేవాడు. వెనక నిలబడ్డ నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. అడిగితే మాత్రం నేనేం చెప్తాను? నార్వేలో ఒక పాప పుట్టింది, పెద్దయ్యాక మంచుమీద జారే ఆటలో బోలెడు పతకాలు గెలుచుకుంది. ఫ్రాన్సులో ఒక బాబు పుట్టాడు, ముందుముందు వీధుల్లో జనాన్ని గొప్పగా ఫోటోలు తీశాడు. అమెరికాలో ఇంకో బాబు, తను బతికుండగానే ఒక మూలకానికి తన పేరు పెట్టించుకున్నంతటి శాస్త్రవేత్త అయ్యాడు. అందరూ గొప్పవాళ్ళే, కాదనను. కానీ ఆ నెలలో మాత్రం వాళ్ళు చేసిందల్లా పాలు తాగటం, పక్క తడపటం. దానిమీద ఎవరైనా ఎంతసేపు మాట్లాడగలరు?

వారం తిరక్కుండా ఆమెకి 'టైటానిక్' అని ముద్దుపేరు వచ్చింది. నాకూ ఒకటి పెట్టారు, 'మంత్రసాని' అని.

కడుపుమంటతోనైనా బతకొచ్చు, ఎదటివాళ్ళు ఎడంగా ఉంటే. నాకు ఆ అదృష్టం కూడా లేదు. బండి ఆమెది, వెనక సీటు నాది. ఎవరిని చూసి కుళ్ళుకుంటున్నామో వాళ్ళ భుజమే పట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళటం ఎంత నరకమో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. వాళ్ళమ్మ పంపిన సకినాలు పెడితే "వద్దు, ఆకలిగా లేదు" అన్నాను. (ఆ పట్టుదల ఒక్క పూటే. సకినాల మీద నాకు ఏ కక్షా లేదు కదా.)

పైగా ఇదంతా ఊరికే పోయే పోటీ కాదు. ఇద్దరం రాసింది ఆఫీసంతటి ముందు చదవాలి. ఎవరి గొంతు బాగుంటే వాళ్ళే ఇకమీదట కార్యక్రమం అంతటికీ గొంతు. బడిలో రోజూ ప్రతిజ్ఞ చదివించింది నా చేతే కాబట్టి, ఇంకెవరికి ఇస్తారన్న ధీమాతో ఆ కబురు తణుకులో మా అమ్మకి ముందే చెప్పేశాను. మా అమ్మ వీధిలో అందరికీ చెప్పేసింది.

ఎలాగైనా నా పిల్లలని నిలబెట్టాలని, వాళ్ళ పుట్టుకలకి కాస్త మసాలా దట్టించాను. బయట హోరుగాలి, లోపల దీపం రెపరెపలు, తల్లి మూలుగులు, తండ్రి పచార్లు. మేడమ్ చదివి కళ్ళజోడు తీశారు.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?"

"ఊహించానండి."

"ముగ్గురూ పుట్టినప్పుడు గాలివానేనా?"

"ఏప్రిల్ కదండీ" అన్నాను. ఆవిడ అన్నీ కొట్టేశారు.

అలా దిగాలుగా ఆ నెల పాత కబుర్లే తిరగేస్తుంటే ఒకావిడ కనబడింది. ఓడ మునిగిన మర్నాడే, ఊదారంగు దుస్తులు వేసుకుని, చలికి నడుముకి వేడినీళ్ళ సంచి కట్టుకుని, ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ఉన్న సముద్రం మీదుగా ఒంటరిగా విమానం నడుపుకుంటూ వెళ్ళింది. ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆవిడే. కింద సముద్రం కనబడనంత పొగమంచు. అంత సాహసం చేసి దిగేసరికి పేపర్లలో ఆవిడకి చోటేదీ? అంతా ఓడే. అది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలాను. నా తోబుట్టువు దొరికినట్టయింది.

పరుగున మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఈవిడని నాకిచ్చెయ్యమన్నాను. "అది సంఘటన కదా" అన్నారావిడ. "ఒకరకంగా ఆకాశంలో ఆడవాళ్ళ పుట్టుకేనండి" అన్నాను. "కవిత్వం వద్దు. సంఘటనలు ఎవరివో వాళ్ళనే అడుగు" అన్నారు.

అడగాలంటే ముందు మాట్లాడాలి. నేనేమో అవసరానికి మించి మాట్లాడటం మానేసి చాలా రోజులైంది. ఆదివారం పొద్దున ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుండగా, గొంతు సవరించుకుని, ఏదో వంకాయల సంగతి అడిగినట్టు అడిగాను. ఆమె నా వైపు కూడా చూడలేదు.

"తీస్కో. నన్ను అడుగుడేంది?"

"నీ భాగంలోది కదా మరి."

"నా భాగంల ఏమున్నది? పొద్దుగాల లేస్తే మునుగుడే. బతికి బయటపడ్డోళ్లు చెప్పినయి సదువుతున్న గదా, ఒక్కొక్కటి సదివితే బువ్వ పోతలేదు. అందరు వొచ్చి తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అంటరు. ఏమైతది, సచ్చిపోయిన్రు." చేతిలోని చిక్కుడుకాయని విరిచి గిన్నెలో వేసింది. "నీకేందే, మంచిగున్నది. నీ దగ్గర ఎవ్వరన్న పుడుతున్నరు. జననాలు నాకిమ్మని ఆ మేడమ్‌ని రెండుసార్లు అడిగిన. ఇయ్యనన్నది."

నా మీద ఎవరైనా అసూయపడగలరని నాకు అంతవరకూ తోచలేదు. ఆమె మీద జాలి కలగాల్సింది, కలిగింది కూడా. కానీ దానికంటే ముందు, మేడమ్ నా జననాలు ఆమెకి ఇవ్వకపోయారే, ఓడ నాకొచ్చేది కదా అనిపించింది. బుద్ధి అలాంటిది మరి.

చదివే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత పై అంతస్తు హాల్లో కూర్చోబెట్టారు. ఆమె ముందు చదివింది. ఏ హంగూ లేకుండా, పక్కింటివాళ్ళకి జరిగినదేదో చెబుతున్నట్టు, మెల్లగా. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి. (అందులో సగమే ఓడ కోసం.)

తర్వాత నేను. పిల్లలని గబగబా పుట్టించేసి విమానం దగ్గరికి వచ్చాను. ఆవిడ పొగమంచులోకి వెళ్ళింది, దిక్సూచి ఒక్కటే ఆధారం, జనం కాస్త ముందుకి వంగారు కూడా. సరిగ్గా అప్పుడు అద్దాల బయట ఆకాశం నల్లబడి, బిందెలతో కుమ్మరించినట్టు వాన మొదలైంది. హైటెక్ సిటీలో వాన అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి తర్వాత జరిగింది చెప్పక్కర్లేదు. ముందు ఒకరు ఫోను తీశారు. "ఫ్లైఓవర్ మీద అప్పుడే జామంట" అన్నారు ఇంకొకరు. కుర్చీలు కిర్రుమన్నాయి. "నువ్వు కానీ అమ్మా, వింటూనే ఉన్నాను" అన్న మేడమ్ చేతిలో అప్పటికే గొడుగు ఉంది. నా విమానం సముద్రం మధ్యకి వచ్చేసరికి హాలు ఖాళీ.

కాగితాలు మడవబోతుంటే ముందు వరసలోంచి మాట వినబడింది. మా 'టైటానిక్', కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇగ దింపు ఆమెను. గట్లనే గాలిల ఇడిచిపెడ్తవా?"

ఒక్క మనిషి కోసం చదివాను. మబ్బు చీల్చుకుని కిందికి వచ్చింది, ఇసుకలో దిగింది, చేపలు పట్టేవాళ్ళు పరిగెత్తుకొచ్చి చుట్టూ చేరారు.

"చాయ్ గిట్ల ఇచ్చిన్రా ఆమెకు?"

"ఇచ్చారంట."

"మంచిగైంది" అంది తృప్తిగా, తనే ఇప్పించినట్టు.

గొంతు ఆమెకే వచ్చింది. నేను ఇంటికి ఫోను చేసి, చదువుతుంటే వర్షం వచ్చేసిందమ్మా అని చెప్పుకున్నాను. మా అమ్మ వీధిలోకి వెళ్ళి, మా అమ్మాయి చదివితే వర్షం వచ్చిందని చెప్పుకుంది. తణుకులో ఇప్పటికీ నాకు ఆ పేరుంది.

ఇప్పుడు నేను ప్రగతి నగర్‌లో ఉంటున్నాను. పొద్దున్నే చెరువు పక్కన నడుస్తుంటే, మా పై ఫ్లాట్ అంకుల్ చేతిలో ఫోను పెట్టుకుని అదే కార్యక్రమం వింటూ ఎదురొస్తారు. అదే గొంతు, అదే మెల్లని మాట. రాత్రే ఆమెతో గంటసేపు ఫోనులో మాట్లాడి ఉంటాను, అయినా ఆ గొంతు వినగానే లోపల ఎక్కడో చిన్నగా చురుక్కుమంటుంది. మొన్న ఆయన ఆగి, "ఈ అమ్మాయి ఎంత బాగా చదువుతుందోనండి, మీరు విన్నారా?" అన్నారు.

"ఆఁ విన్నానండి. బాగానే చదువుతుంది" అన్నాను.

ఇన్నేళ్ళయింది, ఆ 'నే' ఒక్కటీ తీసేసి అందామంటే నోరు రాదు. నాలుగడుగులు వేశాక నాలో నేనే నవ్వుకుని, ఎవరూ వినకుండా "బాగా చదువుతుంది" అని సరిదిద్దుకున్నాను.