రాజమండ్రి మీదుగా ముంబై

వీఆర్‌ఎస్ తీసుకునే ముందు చివరి వర్షాకాలం మణుగూరులో, ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కంపెనీలో ట్రావెల్ డెస్క్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. చుట్టూ అడవి, దరిదాపుల్లో విమానాశ్రయం లేదు. ఉద్యోగులను విమానాలెక్కించడమే నా ఉద్యోగం.

మా ల్యాబ్ కెమిస్టు ఎస్తేరుకు ముంబై హెడ్డాఫీసులో ప్రమోషన్ ఇంటర్వ్యూ వచ్చింది. వేళకు చేరకపోతే ఆ పోస్టు, జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆమె వెనక చేరినవాళ్లు అప్పటికే సీనియర్లయి కూర్చున్నారు.

నేను హైదరాబాదు నుంచి టికెట్ ప్రతిపాదించాను. అకౌంట్స్ ఆఫీసర్ వెంకట్రావు ఫైలు తిప్పి పంపాడు. కంపెనీ రూలు ప్రకారం సమీప విమానాశ్రయం నుంచే ఎక్కాలి. సమీపమంటే ఆయన దృష్టిలో కంప్యూటర్ మ్యాపు మీద లాగిన తిన్నని గీత.

“గీత గీస్తే రాజమండ్రే దగ్గర మేడం. నడుమ హైదరాబాద్ ఏంది?”

“సార్, ఆ రాజమండ్రి విమానం పోయేది హైదరాబాదుకే. అక్కడ దిగి ముంబైది ఎక్కాలె. అంటే పిల్ల తూర్పుకు పోయి, మళ్ల ఖమ్మం నెత్తి మీదికెల్లి పడమరకు రావాలె.”

“గాల్లో గంట సేపే గద.”

“గాల్లోకి లేవాలంటే ముందు అశ్వారావుపేట దాటాలె సార్.”

చాలాసేపు వాదించాను. రూలే గెలిచింది. దానికి నోరు లేకపోయినా పైవాళ్ల సంతకం ఉంది.

ఇంటర్వ్యూకు ముందురోజు పొద్దున్నే ఎస్తేరు కంపెనీ కారులో బయల్దేరింది. అది పామాయిల్ గెలల సీజను. అశ్వారావుపేట నూనె మిల్లు దగ్గర తూకం కోసం ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరాయి. ఫోన్ చేసింది.

“అక్కా, గెలల బండ్లు కదుల్తలేవు. యాకూబన్న ఇంజన్ బంద్ చేసి బీడీ ముట్టిచ్చిండు. గాయన బీడీ ముట్టిచ్చిండంటే ఇగ అయిపోయినట్టే!”

ఫోను డ్రైవర్ యాకూబ్‌కు ఇమ్మన్నాను. విమానం అందదని తేల్చేశాడు. బండి తిప్పి సత్తుపల్లి, ఖమ్మం మీదుగా జల్దీ హైదరాబాదు పొమ్మన్నాను.

“గీ మాట పొద్దుగాలే చెప్పరాదా మేడం?”

“చెప్పిన. మ్యాపు ఒప్పుకోలె.”

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఒకే టికెట్ మీద రెండు విమానాలుంటే, మొదటిది ఎక్కని మనిషికి రెండోదీ రద్దవుతుంది. ఎస్తేరు హైదరాబాదు చేరినా ఆమె సీటు ఆమెకు దక్కదు. అందుకని ఎవరి అనుమతీ అడగకుండా రాత్రి విమానానికి కొత్త టికెట్ తీశాను. అడిగి ఉంటే ఆ ఫైలు కూడా రాజమండ్రి మీదుగానే వచ్చేది.

ఎస్తేరు వేళకు చేరింది. పోస్టు ఆమెకే వచ్చింది. నాకు మెమో వచ్చింది: ఆమోదించిన మార్గంలో ప్రయాణం ఎందుకు జరగలేదు? పామాయిల్ గెలలు అడ్డొచ్చాయని రాసిచ్చాను.

“గిట్ల రాస్తే ఆడిట్ ఒప్పుకుంటదా మేడం?” అన్నాడు వెంకట్రావు.

“మీరొకసారి ఆ తొవ్వల పోయి రాండ్రి సార్. వచ్చినంక మీరేం రాయమంటే అదే రాస్త.”

ఆయన పోలేదు. రూలూ మారలేదు.

రెండు విమానాశ్రయాల మధ్య ఎంత దూరమో, ఎన్ని గంటలో ఎవరైనా చెబుతారు. ప్రయాణ సమయాన్ని మాత్రం ఇంటి గుమ్మం నుంచి లెక్కపెట్టాలి, దారిలో ఏ పంట కోతకొచ్చిందో కూడా కనుక్కుని. ఆ తర్వాత నేను వాదించడం మానలేదు గానీ, వాదన మొదలుపెట్టే ముందే హైదరాబాదు నుంచి రాత్రి విమానంలో సీట్లున్నాయో లేదో చూసుకునేదాన్ని.