ఎనిమిది సెకన్ల ఆట

వెర్నా కెస్లర్ పోయిన మార్చిలో చనిపోయింది. మా ఊరి పేపర్లో నాలుగు లైన్లు వేశారు. అరవై తొమ్మిదేళ్ళు, లూథరన్ చర్చి, ఒక అక్క, కాలేజీలో ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. ఏం ఉద్యోగమో రాయలేదు. రాసినా చదివేవాళ్ళకి అర్థమయ్యేది కాదు, అందుకని వాళ్ళను తప్పుపట్టను. కానీ ఆవిడ గురించి రాయాల్సినది ఇంకొకటి ఉంది, అది నేను తప్ప రాయగలిగినవాళ్ళు లేరు.

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లలో ఎవరు ఆడవచ్చో, ఎవరు ఆడకూడదో తేల్చేది వెర్నా. కాలేజీ ఆటలన్నిటికీ ఒక సంఘం ఉంది, దానికి టెలిఫోన్ డైరెక్టరీ అంత నిబంధనల పుస్తకం ఉంది. మా ఇండియానా రాష్ట్రం మొత్తంలో ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మనిషి ఆవిడొక్కతే అని నా నమ్మకం. ఆఫీసు జిమ్ కింద, బాయిలర్ గది పక్కన. దాని పక్కగది నాది. నేను జట్టు ఫిజియోని. పైన బంతులు దబదబమంటుంటే కింద ఆవిడ ఎర్ర పెన్సిలుతో మార్కుల జాబితాలు దిద్దుకునేది. మార్కులు తగ్గితే ఆడనివ్వరు, అందుకని ఎవరైనా లెక్కల క్లాసు ఎగ్గొడితే హాస్టలుకి ఫోన్ చేసి లేపేది. పిల్లలు ఆవిణ్ణి చాటున ‘కాదమ్మ’ అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు.

ఆవిడ ఎలాంటి మనిషో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. ఏడాదిలో కొన్ని వారాల్లో కోచ్‌లు, జట్టులోకి తీసుకోవాలనుకునే హైస్కూలు పిల్లల ఆట చూడవచ్చు గానీ వాళ్ళతో మాట్లాడకూడదు. ఎదురుపడితే హలో అనాలి, అంతే. మా అమ్మాయిల జట్టు కోచ్ డెల్ ఓవర్‌మైర్ అలాంటి ఒక వారంలో మేసీ ట్రాక్స్‌లర్ అనే పిల్ల ఆట చూడటానికి వెళ్ళాడు. తిరిగి వస్తూ పెట్రోల్ బంకులో ఆగితే, అదే బంకులో మేసీ, వాళ్ళ నాన్న. పాపం డెల్ మాటకారి. వచ్చి గొప్పగా ఆ ముచ్చట చెప్పాడు.

“హలో చెప్పి వచ్చేశావా కోచ్?” అని అడిగింది వెర్నా.

“వాతావరణం గురించి ఏదో అన్నాలే.”

“వాతావరణం గురించి ఎన్ని నిమిషాలు?”

డెల్ నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

“మూడు. నాలుగు అనుకో.”

“రాయి,” అని కాగితం ముందుకు తోసింది.

మా తప్పు మేమే సంఘానికి రాసి పంపించాం. రెండు వారాలు మేసీకి ఫోన్ చేయకూడదని శిక్ష పడింది. ఆ రెండు వారాల్లో ఇంకో రెండు కాలేజీలు ఆ పిల్ల చుట్టూ తిరిగాయి. డెల్‌కి గుండెల్లో రాయి పడింది. అయినా మేసీ మా దగ్గరికే వచ్చింది. కారణం అడిగితే, “నాలుగు నిమిషాలు మాట్లాడినందుకు తమ మీద తామే ఫిర్యాదు చేసుకున్న కాలేజీ ఇదొక్కటే,” అని నవ్వింది. మేసీ పొట్టిది, ఎడమచేతి వాటం, నోట్లో నువ్వుగింజ నానదు. మూడేళ్ళు బ్రహ్మాండంగా ఆడింది.

నాలుగో ఏడాది, నవంబరులో, నాలుగో ఆట. ఎవరూ తాకలేదు. బంతి పట్టుకుని పక్కకు తిరిగింది, కూలిపోయింది. నేను పరుగెత్తి మోకాలు పట్టుకున్నాను.

“చప్పుడు విన్నారా రస్ గారూ?”

“విన్నాను తల్లీ.”

“అయితే అయిపోయినట్టే కదా.”

మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగింది. డిసెంబరు మొదట్లో ఆపరేషన్ చేశారు.

మామూలుగా ఒక్కొక్కరికి నాలుగేళ్ళ ఆట మాత్రమే ఉంటుంది. కానీ మొదట్లోనే దెబ్బ తగిలి ఆగిపోతే, ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేయమని సంఘాన్ని అడగవచ్చు. మేసీకి అది ఆట ఒక్కటే కాదు. నర్సింగులో ఇంకో ఏడాది చదువు మిగిలి ఉంది, ఆ చదువుకయ్యేదంతా ఆట మీద వచ్చే స్కాలర్‌షిప్పే. ఆపరేషన్ మర్నాడే వెర్నా ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. “నువ్వు కాలు సంగతి చూసుకో, కాగితం సంగతి నేను చూసుకుంటా. వచ్చే ఏడాది ఆడతావు,” అంది. వెర్నా నోట అంత పెద్ద అవును నేను అంతకు ముందు వినలేదు.

నిబంధన నాకూ తెలుసుననుకున్నాను. మొత్తం ఇరవై ఎనిమిది ఆటల్లో ఎనిమిదికి మించి ఆడి ఉండకూడదు. మేసీ ఆడినవి నాలుగు. నా గది తలుపు మీద ‘నాలుగు’ అని పెద్దగా రాసి అంటించాను కూడా.

ఫిబ్రవరి ఆఖర్లో, సొంత జిమ్‌లో చివరి ఆట రోజున, ఆఖరి ఏడాది పిల్లల్ని తల్లిదండ్రులతో సహా మైదానం మీదికి పిలిచి పూలు ఇస్తాం. దెబ్బ తగిలి కూర్చున్న పిల్ల ఉంటే మా వైపు ఒక మర్యాద ఉంది. అవతలి కోచ్‌తో ముందే మాట్లాడుకుని, ఆట మొదలవగానే బంతి ఆ పిల్ల చేతికిస్తారు. అవతలివాళ్ళు అడ్డు రారు. ఆ పిల్ల నడిచి వెళ్ళి బంతిని బుట్టలో వేస్తుంది. తర్వాత అవతలివాళ్ళను ఒకటి వేసుకోనిస్తాం. లెక్క సరి. పిల్ల చప్పట్ల మధ్య బయటికి వచ్చేస్తుంది, అసలు ఆట అప్పుడు మొదలవుతుంది. మేసీ వచ్చే ఏడాది తిరిగొస్తుందన్న ఆశ ఉన్నా, తన తోటివాళ్ళంతా వెళ్ళిపోయేది ఆ రోజే. ఎనభై ఆరేళ్ళ నాయనమ్మ కూడా వస్తోంది. డెల్ అవతలి కోచ్‌తో మాట్లాడేశాడు.

“దీనివల్ల ఆ కాగితానికేం అడ్డం రాదు కదా?” అని నన్ను అడిగాడు.

“నాలుగుకి ఒకటి కలిపితే ఐదు. ఎనిమిది దాకా పర్లేదు.”

“వెర్నాని అడిగావా?”

ఆ వారం వెర్నా ఊళ్ళో లేదు. వాళ్ళ అక్కకి తుంటి ఆపరేషన్ అయితే ఎవాన్స్‌విల్ వెళ్ళింది. ఫోన్ చేస్తే ఎత్తేది. కానీ ఆవిడ కాదంటుందేమో అనిపించింది. పైగా అంకె నా తలుపు మీదే ఉంది.

“అడిగాలే. సరేనంది,” అన్నాను.

అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. ఆవిడ చెప్పబోయేదే నేను ముందు చెబుతున్నాననుకున్నాను.

మేసీ మోకాలికి పట్టీతో నడిచి వెళ్ళి, ఎడమచేత్తో బంతిని బోర్డుకి ఆనించి వేసింది. అంతా కలిపి ఎనిమిది సెకన్లు. తొమ్మిది వందలమంది లేచి నిలబడ్డారు. నాయనమ్మ ఏడ్చింది, డెల్ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

సోమవారం వెర్నా వచ్చింది. వచ్చీరాగానే ఎప్పటిలా, ఎవరెవరు ఆడారో రాసిన ఆట కాగితాలు ముందేసుకుంది. పావుగంటలో డెల్ గదిలో ఉంది. నేను అక్కడే ఉన్నాను.

“మేసీని ఎందుకు దింపావు?”

“అదేంటి వెర్నా? నువ్వే సరేనన్నావట కదా, రస్ చెప్పాడు.”

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. వెర్నా నావైపు తిరిగింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. డెల్ మాత్రం ఆవిడ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

“పుస్తకం మళ్ళీ చూడాలి,” అని వెళ్ళిపోయింది.

వెనకాలే కిందికి దిగాను. ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

“ఎన్ని ఆటలన్నది సగమే, రస్. మొత్తం ఆటల్లో రెండో సగం మొదలయ్యాక అసలు మైదానం మీద కాలు పెట్టకూడదు. ఒక్క సెకను కూడా. తెలీదా నీకు?”

“తెలీదు.”

“ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?”

“నువ్వు కాదంటావనీ...”

“అనేదాన్నే.”

ఎనిమిది సెకన్లకు ఆ పిల్ల ఏడాది పోయింది. డెల్‌తో నిజం చెప్పేస్తానన్నాను, సంఘానికి నేనే రాస్తానన్నాను.

“ఏమని రాస్తావు? ఫిజియో తప్పు చెప్పాడనా? తోసేస్తారు. అందుకు దారి లేదు.” పుస్తకం తిప్పి ఒక పేరా మీద పెన్సిలు పెట్టింది. “నిబంధనలు చూసే అధికారి పొరపాటున తప్పు సలహా ఇచ్చి, దాన్ని నమ్మి పిల్ల ఆడితే, అప్పుడు దయ చూపించవచ్చు. అధికారి. ఈ కాలేజీలో అధికారిని నేను.”

“నువ్వు సలహా ఇవ్వలేదు కదా!”

“ఇచ్చాననేగా నువ్వు కోచ్‌కి చెప్పావు.”

“వెర్నా, నిజమే రాద్దాం.”

“నీ తప్పుకి ఆ పిల్ల ఎందుకు ఏడవాలి?” అంది. గొంతు పెంచలేదు. “ఈ మాట ఇంకెవరి దగ్గరైనా ఎత్తావంటే కాగితం చెల్లదు. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టకు. ఇక వెళ్ళు, నాకు పనుంది.”

వెళ్ళాను. మెట్ల దగ్గర ఆగాను. దాచడం ఎందుకు, నాకు ముందుగా కలిగింది సిగ్గు కాదు. బతికిపోయాను అనిపించింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, వచ్చింది మళ్ళీ పోలేదు.

మే నెలలో జవాబు వచ్చింది. మేసీకి ఏడాది ఇచ్చారు. రెండో పేరాలో వెర్నాను తప్పుపట్టారు. ఇంత అనుభవం ఉన్న అధికారి ఇంత చిన్న నిబంధన మరిచిపోవడం విచారకరమని, అజాగ్రత్తని. కాలేజీ పెద్దలు ఆ ఉత్తరం చదివి, వయసు కూడా అయింది కదా అని జూన్‌లో ఆవిణ్ణి ఇంటికి పంపించేశారు. చిన్న పార్టీ ఇచ్చారు. కేకు మీద పేరు తప్పు రాశారు. ఆవిడ అది చూసి, కత్తి తీసుకుని అందరికీ ముక్కలు కోసింది.

ఆ తర్వాత ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా అదే మాట. “ఊరందరికీ నీతులు చెప్పేది, చివరికి తనే కాలు జారింది,” అని మంగలిషాపులో అన్నారు, నా గడ్డం గీస్తూనే. “పెద్దదైపోయింది పాపం,” అని డెల్ అన్నాడు. నేను కక్కలేక మింగలేక ఊరుకున్నాను. కోపం వచ్చేది, వాళ్ళ మీద కాదు.

నవంబరు వచ్చింది. మొదటి ఆటలో మేసీ పద్దెనిమిది పాయింట్లు వేసింది. మోకాలు నిలబడింది. వెర్నా టికెట్టు కొనుక్కుని పైవరసలో, ఒక్కతే కూర్చుని చూసింది. ఆట అయ్యాక మేసీ నా బల్ల మీద కూర్చుంది, నేను ఐసు సంచీ కడుతున్నాను.

“రస్ గారూ, ఇవాళ వెర్నా గారు వచ్చారు, చూశారా?”

“చూశాను.”

“నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయారు. నా వల్ల ఉద్యోగం పోయిందని బాధేమో. లేదా తనే తప్పు చేశానని మొహం చెల్లట్లేదేమో. మీకు ఆవిడ బాగా స్నేహం కదా. నా తరఫున ఒక్క మాట చెప్పండి. నాకు ఆవిడ మీద కోపం లేదు. ఎప్పుడో క్షమించేశాను.”

ఐసు సంచీ ముడి రెండుసార్లు జారిపోయింది. చెప్తానన్నాను.

మర్నాడు వెళ్ళి చెప్పాను. వెర్నా గుమ్మంలో ఊడ్చుకుంటోంది. మేసీ అన్నది అన్నట్టుగా, ఒక్క మాట మార్చకుండా చెప్పాను. ఆవిడ చీపురు పట్టుకుని విన్నది.

“మంచి పిల్ల. నా థాంక్స్ చెప్పు,” అంది.

మళ్ళీ జిమ్‌కి వచ్చి మేసీకి ఆ థాంక్స్ కూడా చెప్పాను.