నాకు తెలిసిన ఒక అమ్మాయి

కేరళలో పాలా అనే ఊరి దగ్గర, రబ్బరు తోటల మధ్య ఉన్న ఆ చర్చికి వచ్చేవాళ్లలో ఏలిక్కుట్టిని ఎరగనివారు లేరు. పదకొండేళ్లుగా చర్చి నెలపత్రికలో చివరి పేజీ ఆమెదే. చదివిన పుస్తకమో, మాడిన కూరో, మొగుడితో వచ్చిన పేచీయో, ఏదైనా సరే రెండు పేరాల్లో దేవుడి దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టేది. ఆడవాళ్లు పత్రికను వెనకనుంచే మొదలుపెట్టేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గర్వమే కొంప ముంచింది.

కిందటి నెల వంటింట్లో కర్రపెండలం చెక్కు తీస్తూ కూతురు టెస్సీ ఉన్నట్టుండి, "అమ్మా, రెండు నెలలుగా నాకు ప్రార్థన రావట్లేదే. ఊరికే పెదాలు కదుపుతున్నానంతే. ఎవరికీ చెప్పకు," అంది. ఏలిక్కుట్టి పిల్ల తల నిమిరింది. వారం తిరక్కుండా రాసేసింది. పేరు పెట్టలేదు, "నాకు తెలిసిన ఒక అమ్మాయి" అంది. కాని ఆ అమ్మాయి ఎడమ చేత్తో కత్తి పట్టుకుని దుంప చెక్కుతూ చెప్పిందని రాసింది. ఆ వాక్యం ఆమెకే ముద్దొచ్చింది. ఆ చర్చిలో ఎడమచేతి వాటం పిల్ల, ఆదివారం బడిలో మూడో తరగతికి జపాలు నేర్పే టెస్సీ ఒక్కతే.

ఈ ఆదివారం పూజ కాగానే పత్రిక పంచారు. ఫాదర్ టెస్సీని పక్కకు పిలిచి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమ్మా, పిల్లలకి ఇంకొకరు చెబుతారులే అన్నారు. మెత్తగానే అన్నారు. ఇంటికొచ్చినప్పట్నుంచి టెస్సీ నోరు విప్పలేదు.

"రాతలు రాతలని తెగ మురిసిపోయావు. కడుపున పుట్టినదాన్ని కూడా అచ్చేయించావు కదే!" అని అత్తగారు పొద్దుగూకేదాకా దెప్పుతూనే ఉంది.

"ఇక ఊరుకో అమ్మచ్చీ," అన్నాడు భర్త ఔసేప్పు తల్లితో. భార్య మొహం మాత్రం చూడలేదు.

ఏడింటికి అందరూ జపమాలకి మోకరించారు. వయసు వరసన తలా ఒక పది పూసలు చెప్పించాలి. అత్తగారిది, భర్తది, తనది అయిపోయాయి. టెస్సీ వంతు వచ్చింది. టెస్సీ పలకలేదు. తానే అందుకుందామా అనుకుంది ఏలిక్కుట్టి. అందుకుంటే పిల్లకి ప్రార్థన రాదని ఇంట్లో కూడా చాటినట్టే. పూసను గోటితో నొక్కిపట్టి ఊరుకుంది. అత్తగారు దగ్గింది. అప్పుడు టెస్సీ మొదలుపెట్టింది. పదీ చెప్పింది, ఎక్కడా తడబడకుండా, పాఠం అప్పజెప్పినట్టు.

ప్రార్థన ముగిశాక చిన్నవాళ్లు పెద్దవాళ్లకి చేతులు జోడించి స్తుతి చెప్పాలి. ఎంత పోట్లాటలో ఉన్నా అక్కడి క్రైస్తవుల ఇళ్లలో అది మానరు. నాయనమ్మకీ, తండ్రికీ చెప్పి టెస్సీ తల్లి ముందుకొచ్చింది.

"యేసుక్రీస్తుకు స్తుతి."

"ఎల్లప్పుడూ స్తుతి," అంటూనే ఏలిక్కుట్టి ఆ చేతులు పట్టుకుంది. "తప్పయిపోయిందే. ఇక రాయను, ఫాదర్‌తో చెప్పేస్తాను. ఒక్క మాట మాట్లాడవే తల్లీ!"

టెస్సీ చేతులు విడిపించుకోలేదు.

"రాసుకో అమ్మా, నీకు ఇష్టం కదా. మాట్లాడనని ఎవరన్నారు? మాట్లాడతాను. ఊరంతా చదివినా ఫర్వాలేని మాటలు మాట్లాడతాను," అంది.

ఆ తర్వాత మామూలు గొంతుతో, "చేపల కూర వేడి చెయ్యనా?" అని అడిగింది.